నల్లగొండలో వైజాగ్ కాలనీ: సాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డు ఎలా పుట్టింది, ఎవరిది?

నల్లగొండ జిల్లాకు సముద్రం లేదు. అయినా దేవరకొండ దాటి నేరేడుగొమ్ము మండలంలోకి వెళ్తే కృష్ణ ఒడ్డున వైజాగ్ కాలనీ అనే ఊరొస్తుంది. ఆదివారమొస్తే అక్కడ జాతరే. హైదరాబాద్ నుంచి వచ్చిన కార్లు, బైకులు, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఫొటోలు దిగే కుర్రాళ్లు, పిల్లల్ని పడవెక్కించే తల్లిదండ్రులు, కట్టెల పొయ్యి మీద మూకుళ్లలో వేగే చేప ముక్కలు. చీకటి పడితే టెంట్లు. రీల్స్ చూసేవాళ్లకు ఇది మన బీచ్.

వెళ్లొచ్చినవాళ్లు మాత్రం కొన్ని ప్రశ్నలు వెంటబెట్టుకుని వస్తారు. కృష్ణకు ఇక్కడ ఇంత వెడల్పు ఎక్కడిది? వైజాగ్ మత్స్యకారులు దేవరకొండ అడవుల్లోకి ఎందుకొచ్చారు? నీళ్ల నడుమ గట్టు మీద గుడేమిటి? దసరాకు నీళ్లున్న చోట ఉగాదికి బురద, గడ్డి ఎందుకుంటాయి? అవతలి ఒడ్డు మనదా, ఆంధ్రదా? వీటిని విడివిడిగా చూస్తే అంతా చిక్కుముడే. ఒక అంకె పట్టుకుంటే ఒక్కొక్కటే విడిపోతుంది. ఆ అంకె 590. సముద్రమట్టానికి 590 అడుగుల ఎత్తు, నాగార్జునసాగర్ నిండినప్పటి నీటిమట్టం. ఆనకట్ట వెనక నిలిచే నీళ్లే బ్యాక్‌వాటర్, దాని ఒడ్డును గీసింది ఆ మట్టమే.

590 అడుగుల గీత

నందికొండ దగ్గర కృష్ణకు అడ్డుకట్ట వేయాలన్న ఆలోచన చాలా పాతది. 1952లో ఖోస్లా కమిటీ ఆ చోటు అనువైనదని తేల్చింది. 1955 డిసెంబర్ 10న ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. యంత్రాలతో కాంక్రీటు పోసి కాకుండా రాతితో కట్టిన ఆనకట్ట ఇది. అందుకే వేలమంది మనుషుల చేతుల మీదుగా లేచింది. రాళ్లు మోసినవాళ్లలో పాలమూరు కూలీలు పెద్దసంఖ్యలో ఉన్నారు. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా పాలమూరు లేబర్ కనిపిస్తారన్న పేరు రావడంలో సాగర్‌కూ భాగముంది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఆనకట్టలో రాతి కట్టడపు అలుగు మట్టం 546 అడుగులు. దాని మీద 44 అడుగుల ఎత్తున్న 26 గేట్లు నిలబెట్టాకే నీళ్లు 590 దాకా ఆగడం మొదలైంది. గేట్ల పని 1974 నాటికి పూర్తయింది. అంటే కాల్వలు మొదట పారిన రోజున ఈ తీరం ఇంకా ఇప్పుడున్న చోట లేదు. మొదట కొంత మునిగింది, గేట్లు పడ్డాక నీళ్లు ఇంకా పైకెక్కి, వాగుల వెంట లోపలికి చొచ్చుకొచ్చి, గుట్టల మధ్య పాయలు పాయలుగా విస్తరించాయి. వైజాగ్ కాలనీ దగ్గర కనిపించే వెడల్పు నది వెడల్పు కాదు, దాని చుట్టూ మునిగిన నేల వెడల్పు. అసలు నది ఇప్పటికీ ఆ నీళ్ల అడుగున తన పాత దారిలోనే ఉంది.

సాగునీటికి వాడుకోదగ్గ కనీస మట్టం 510 అడుగులు. నిండు మట్టానికీ దీనికీ మధ్య 80 అడుగుల తేడా. నిలువునా నిలబడ్డ కొండ దగ్గర 80 అడుగులు తగ్గితే ఒడ్డు పెద్దగా జరగదు. మెల్లగా వాలిన నేల మీద అదే తగ్గుదలకు ఒడ్డు చాలా దూరం వెనక్కి పోతుంది. అందుకే ఇద్దరు స్నేహితులు రెండు వేర్వేరు నెలల్లో ఇక్కడికొస్తే, ఇద్దరూ చూసింది ఒకే ఊరంటే నమ్మకం కుదరదు. ఆగస్టు నుంచి అక్టోబర్ మధ్య వరద వస్తే నీళ్లు చెట్ల మొదళ్లను తాకుతాయి. జనవరి దాకా నిండుగానే ఉంటుంది. తర్వాత యాసంగి పంటలకు, తాగునీటికి, కరెంటుకు వదిలేకొద్దీ దిగుతుంది.

ఎదుటి గుట్టలను ఎండాకాలంలో పరిశీలనగా చూడండి. పైన అడవి ఉంటుంది. ఒక ఎత్తు దగ్గర స్కేలు పెట్టి గీసినట్టు చెట్లు ఆగిపోతాయి. దాని కింద నీళ్ల దాకా ఒక్క చెట్టూ లేని బోడి నేల, తెల్లబారిన రాళ్లు. ఏటా కొన్ని నెలలు మునిగే చోట చెట్టు బతకదు. ఆ గీతే 590. డ్యామ్ దగ్గరి స్కేలు దాకా పోనక్కర్లేదు, గుట్టే చెబుతుంది.

సాగర్ నిండటం మన వానల చేతిలో లేదు. మహారాష్ట్ర, కర్ణాటకల్లో పశ్చిమ కనుమల మీద కురిస్తేనే కృష్ణకు వరద. ఆల్మట్టి, నారాయణపూర్ నిండాలి, జూరాల దాటాలి, శ్రీశైలం నిండి గేట్లెత్తాలి. ఆ వరసలో సాగర్‌ది చివరి వంతు. 2023లో ఎగువన వానలు తక్కువై శ్రీశైలమే నిండలేదు, ఆ ఏడాది సాగర్ కూడా నిండు మట్టం చూడలేదు. మొదట 408 టీఎంసీలని లెక్కగట్టిన నిల్వ సామర్థ్యం పూడిక వల్ల ఇప్పుడు 312 టీఎంసీలకు పడిపోయింది. నీళ్లు తగ్గినప్పుడు ఒడ్డున కాళ్లు కూరుకుపోయే మెత్తటి బురద ఆ పూడికలోదే. సముద్రపు ఇసుక తీరం అనుకుని పరుగెత్తే పిల్లలకు ముందే చెప్పాల్సిన సంగతి ఇది.

నీళ్ల కింద

సాగర్ కింద యాభైకి పైగా పల్లెలు మునిగాయి. వాటిలో నల్లగొండ వైపువీ ఉన్నాయి. ఇళ్లు, పొలాలు, బావులు, బొడ్రాయిలు, చావిళ్లు, పెద్దల సమాధులు అన్నీ పోయాయి. జనం గట్టెక్కి కొత్త చోట్ల గుడిసెలు వేసుకున్నారు. ఈ సంగతి చెప్పేటప్పుడు నాకు బాధ కలిగించేది ముంపు ఒక్కటే కాదు, మునిగినవాళ్లకు నీళ్లు దక్కకపోవడం కూడా. ఎడమ కాల్వ ఆనకట్ట దగ్గర మొదలై పల్లానికి పారుతుంది. దాని కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాలు వరి పొలాలతో పచ్చబడ్డాయి. దేవరకొండ ప్రాంతం ఆనకట్టకు ఎగువన, మెట్ట మీద ఉంది. భూములిచ్చింది ఇక్కడివాళ్లు, పంట పండింది అక్కడ. కళ్ల ముందు సముద్రమంత నీళ్లు పెట్టుకుని తండాల నుంచి బొంబాయికి, హైదరాబాద్‌కు వలస పోయారు. పుట్టంగండి దగ్గర మోటార్లతో నీళ్లు ఎత్తి అక్కంపల్లి జలాశయానికి పంపే ఎత్తిపోతల చాలా ఏళ్ల తర్వాత గానీ రాలేదు.

పురాతన కట్టడాల విషయంలోనూ ఇలాంటి అసమానతే కనిపిస్తుంది. నాగార్జునకొండ పేరు తెలియనివాళ్లుండరు. ఆ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మూడు, నాలుగో శతాబ్దాల్లో వెలిగింది. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు కృష్ణ. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి మేనత్త చాంతిసిరి అక్కడ మహాచైత్యానికి, అంటే పెద్ద బౌద్ధ స్తూపానికి, దానమిచ్చింది. రాజులు యాగాలు చేస్తుంటే అంతఃపుర స్త్రీలు బౌద్ధానికి దానాలిచ్చిన రాజధాని అది. సింహళ భిక్షువులకూ అక్కడ విహారం ఉండేది. 1926లో ఈ శిథిలాలు బయటి ప్రపంచానికి తెలిశాయి. పురావస్తు శాస్త్రవేత్త లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి 1931 వరకు తవ్వారు. డ్యామ్ ఖాయమయ్యాక 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా గాలించారు. ముఖ్యమైన కట్టడాల్లో కొన్నింటిని కొండ మీదికి, మరికొన్నింటిని కుడి ఒడ్డున అనుపుకు తరలించి తిరిగి నిలబెట్టారు. మునగకుండా మిగిలిన ఆ కొండే ఇప్పటి దీవి, మ్యూజియం ఉన్నది దాని మీదే.

ఎడమ ఒడ్డున, మన వైపు మునిగిన ఏలేశ్వరం సంగతి అడిగితే మాత్రం చాలామంది తెల్లమొహం వేస్తారు. శ్రీశైలానికి ఉపద్వారాల్లో ఒకటిగా పేరున్న క్షేత్రం అది. నీళ్లు రాకముందు పురావస్తు శాఖ తరఫున అబ్దుల్ వహీద్ ఖాన్ అక్కడ తవ్వకాలు జరిపారు. పెద్దరాతి సమాధుల కాలం నుంచి శాతవాహనుల, ఇక్ష్వాకుల కాలాల మీదుగా మధ్యయుగాల దాకా మనుషులు విడవకుండా బతికిన ఆనవాళ్లు బయటపడ్డాయి. అంటే కృష్ణకు అటూ ఇటూ ఒకే నాగరికత, నడుమ నది ఒక దారి మాత్రమే. ఇవాళ ఒక ఒడ్డు చరిత్రకు మ్యూజియం ఉంది, రెండో ఒడ్డుది పుస్తకాల్లో, హైదరాబాద్ అల్మారాల్లో ఉండిపోయింది.

ఊరు మునిగినా ఏలేశ్వరం గట్టు మునగలేదు. నీళ్ల నడుమ దీవిలా నిలిచింది. దాని మీద మల్లన్న ఉన్నాడు. శివరాత్రికి భక్తులు పడవల్లో, లాంచీల్లో వెళ్లి దర్శనం చేసుకుంటారు. మునిగిన ఊళ్ల కుటుంబాలకు ఆ ప్రయాణం గుడికి పోవడమొక్కటే కాదు, తాతల ఊరి మీదుగా పోవడం. టూరిస్టుగా వెళ్లేవాళ్లు ఇది తెలుసుకుని పడవెక్కితే మంచిది. ఆ రోజు పడవలో పాటల సౌండ్ కాస్త తగ్గించినా చాలు.

వైజాగ్ నుంచి కృష్ణకు

పల్లెలు లేచిపోయిన చోట కొత్తగా వచ్చింది చేప. ఇక్కడివాళ్లకు చేపలు పట్టడం తెలియక కాదు. చెరువుల్లో, కుంటల్లో, వాగుల్లో ముదిరాజులు, గంగపుత్రులు తరతరాలుగా పడుతున్నారు. కానీ అది కాళ్లకు నేల అందే నీళ్ల పని. రిజర్వాయర్ వేరు. ఎక్కడ పాత నది లోతుందో, ఎక్కడ మునిగిన చెట్టు మొద్దు వలను చింపుతుందో తెలియదు. సాయంత్రం గాలి లేస్తే అలలు పడవ అంచు దాటుతాయి. అంత విశాలమైన నీళ్ల మీద రాత్రంతా ఉండి వల వేయడం సముద్రం మీద పుట్టి పెరిగినవాళ్లకు అలవాటైన పని.

విశాఖ తీరం నుంచి వాడబలిజ మత్స్యకార కుటుంబాలు అలా వచ్చాయి. ఒక కుటుంబం వెనక బంధువుల కుటుంబం, ఆ వెనక ఇంకొకటి. ఒడ్డున గుడిసెలు వేసుకుని వలలు ఆరేసుకున్నారు. చుట్టుపక్కల తండాలవాళ్లు వాళ్లను వైజాగోళ్లన్నారు, ఆ చోటు వైజాగ్ కాలనీ అయింది. దశాబ్దాలు గడిచాయి. ఇక్కడ పుట్టిన తరానికి విశాఖ చుట్టాల ఊరు, సొంత ఊరు ఇదే. ఉత్తరాంధ్ర యాస, లంబాడీ మాట, దేవరకొండ తెలుగు ఒకే చేపల బేరంలో వినబడే చోటు మన జిల్లాలో ఇంకొకటి నాకు తెలియదు.

చేప ఎలా అమ్ముతారో చూస్తే ఈ ఊరి బతుకు అర్థమవుతుంది. తెల్లవారుజామున పడవలు ఒడ్డుకొస్తాయి. బొచ్చె, రవ్వ, జెల్ల, రొయ్య వేటికవి వేరు చేసి తూకం వేస్తారు. ఎక్కువ సరుకు ఐస్ పెట్టెల్లో పట్నానికి పోతుంది. మిగిలింది ఒడ్డునే ఆదివారపు జనానికి. చేప మీరే ఎంచుకోవచ్చు. కిలో లెక్కన చేపకొక ధర, వండి పెట్టినందుకు వేరే కూలి. ఆడవాళ్లు బండ మీద పొలుసు తీసి, అడ్డంగా మందపాటి ముక్కలు కోసి, ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించి కాసేపు పక్కన పెడతారు. నూనె బాగా కాగాక ముక్క వేసి, ఒక వైపు పూర్తిగా ఎర్రబడేదాకా కదపరు. కదిపితే ముక్క విరుగుతుంది. పులుసు కావాలంటే ఇంకాస్త ఆగాలి. పట్నం హోటల్లో ఐస్‌లో రోజుల తరబడి ఉన్న చేపకూ దీనికీ తేడా మొదటి ముద్దకే తెలుస్తుంది.

ఈ చేప మీద తగాదాలూ ఉన్నాయి. అలివి వల అనే సన్న కన్నుల పెద్ద వల పిల్ల చేపను కూడా ఊడ్చేస్తుంది. 2016 నుంచి ప్రభుత్వం జలాశయాల్లో ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది. ఆ పిల్లలు ఎదగకముందే అలివిలో పడితే అందరికీ నష్టమే. పైన శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో, కొల్లాపూర్ వైపు, స్థానిక మత్స్యకారులకూ బయటినుంచి వచ్చి అలివి వేసేవాళ్లకూ పెద్ద గొడవలే జరిగాయి. దీన్ని తెలంగాణవాళ్లు, ఆంధ్రవాళ్లు అనే గొడవగా చూడటం తప్పని నా అభిప్రాయం. అలివికి డబ్బు పెట్టేది ఎక్కువగా షావుకార్లు. అప్పు తీర్చడానికి వల లాగేది పేద కుటుంబం, అది ఏ ఊరిదైనా.

'సాగర్' అంటే ఏ సాగర్?

సాగర్ పోదామని బయల్దేరి, ఏ చోటికి పోవాలో తేల్చుకోలేక తిరిగి వచ్చేవాళ్లను చూస్తుంటాం. కాబట్టి కాస్త విడమరిచి చెప్పాలి. వైజాగ్ కాలనీ డ్యామ్ పక్కన లేదు. ఎగువన, దేవరకొండ మీదుగా వెళ్లాల్సిన ఒడ్డు అది. డ్యామ్ చూడాలంటే మల్లేపల్లి, పెద్దవూర మీదుగా నందికొండకు వెళ్లాలి. అక్కడ గుట్ట మీద హిల్ కాలనీ, కింద శంకుస్థాపన గుర్తుగా కట్టిన పైలాన్ పేరుతో పైలాన్ కాలనీ ఉన్నాయి. రెండూ ప్రాజెక్టు ఉద్యోగుల కోసం కట్టిన ఊళ్లు, ఇప్పుడు నందికొండ మున్సిపాలిటీ. హిల్ కాలనీ దగ్గరే 274 ఎకరాల్లో బుద్ధవనం ఉంది. 2022 మేలో తెరిచారు. అమరావతి స్తూపం నమూనాలో కట్టిన మహాస్తూపం, శ్రీలంక ఇచ్చిన అవుకన బుద్ధుడి ప్రతిరూపం అక్కడి ఆకర్షణలు. మధ్యాహ్నం ఎండలో కాకుండా సాయంత్రం వెళ్లండి.

నాగార్జునకొండ దీవి, అనుపు, ఎత్తిపోతల జలపాతం ఆంధ్రప్రదేశ్‌లో, పల్నాడు జిల్లాలో ఉన్నాయి. దీవికి లాంచీలో వెళ్లాలి, శుక్రవారం మ్యూజియం ఉండదు. గాలి ఎక్కువున్నా, నీళ్లు బాగా తగ్గినా లాంచీ నడవకపోవచ్చు, ముందే కనుక్కుని బయల్దేరండి.

నది మధ్యలోంచి సరిహద్దు పోతుంది కాబట్టి డ్యామ్ మీదా అదే పేచీ. రాష్ట్రం విడిపోయాక శ్రీశైలం నిర్వహణ ఆంధ్రప్రదేశ్, సాగర్ నిర్వహణ తెలంగాణ చూస్తూ వచ్చాయి. 2023 నవంబర్ చివర్లో, సరిగ్గా తెలంగాణ ఎన్నికల వేళ, ఆంధ్ర పోలీసులు డ్యామ్ మీదికి వచ్చి 13వ గేటు దాకా కంచె వేసి కుడి కాల్వకు నీళ్లు వదిలారు. కేంద్రం కల్పించుకుని సీఆర్పీఎఫ్ కాపలా పెట్టింది. డ్యామ్ మీదికి జవాన్లు ఎందుకొచ్చారని పిల్లలడిగితే చెప్పాల్సిన జవాబు ఇది.

ఒడ్డు మీద ఇప్పుడేం కట్టాలి?

వైజాగ్ కాలనీకి జనం పెరిగేకొద్దీ రిసార్టులు, కాటేజీలు, రోప్‌వేలు అనే మాటలు వినబడుతున్నాయి. టూరిజం రావాలి, కాదనను. అయితే ఈ నేల ఖాళీ నేల కాదు. 590 గీతకు కిందిదంతా ప్రాజెక్టు కోసం సేకరించిన ముంపు భూమి, నిండితే నీళ్లలో ఉండేది. గీతకు పైన చాలా చోట్ల అడవి. చందంపేట, నేరేడుగొమ్ము వైపు అడవులు నల్లమలలో భాగం, 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం నల్లగొండ జిల్లాలోకీ వస్తుంది. రాత్రి డీజే పెట్టి, ఒడ్డున మంటలేసి, సీసాలు పగలగొట్టే చోటు కాదు ఇది.

పైగా ఈ నీళ్లు తాగే నీళ్లు. పుట్టంగండి నుంచి అక్కంపల్లి మీదుగా హైదరాబాద్ నల్లాలకు పోతున్నవి ఇవే. ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయిన మర్రిగూడ, మునుగోడు పల్లెలు బోరు నీళ్లు మాని తాగుతున్నదీ కృష్ణ నీళ్లే. ఆదివారం ఒడ్డున పారేసిన ప్లేటు, సీసా ఎవరో తీసేస్తారులే అనుకుంటే చివరికి చేరేది మన గ్లాసులోకే. ఇదే బ్యాక్‌వాటర్ పక్కన లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం గనులు తవ్వాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు 2003 నుంచీ ఇక్కడి జనం ఎదురు నిలబడ్డారు, ఇప్పటిదాకా గని పడలేదు. నీళ్ల విలువ వాళ్లకు ఒకరు నేర్పాల్సిన పని లేదు.

డబ్బు ఖర్చు పెట్టే ముందు మత్స్యకార కుటుంబాలకు ఇళ్ల స్థలాల మీద హక్కు తేల్చాలి. లేకపోతే మొదటి రిసార్టు వచ్చిన రోజే వాళ్లు ఒడ్డు దాటి వెనక్కి పోవాల్సి వస్తుంది. ఏ చేప కోసం, ఏ పడవ కోసం జనం వస్తున్నారో ఆ మనుషులే లేని టూరిజం అవుతుంది. మనుషుల్ని ఎక్కించుకునే పడవలకు లైసెన్సు, ఎక్కే ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ తప్పనిసరి చేయాలి. ఈ నీళ్ల అడుగు సమంగా ఉండదు. నడుములోతు అనుకున్న చోటికి పక్కనే పాత వాగు గండో, మునిగిన బావో ఉండొచ్చు. ఈతొచ్చినవాళ్లే ఎక్కువ ధైర్యంతో లోపలికి వెళ్లి ప్రమాదంలో పడుతుంటారు. ఎక్కడిదాకా దిగొచ్చో తాడు కట్టి చూపాలి. నీటిమట్టం మారినప్పుడల్లా ఆ తాడును జరపడానికి ఊరి కుర్రాళ్లకే జీతమిచ్చి పెట్టుకోవచ్చు. మునిగిన పల్లెల పేర్లతో ఒక బోర్డు పెట్టాలి, ఏలేశ్వరంలో దొరికినవాటి ఫొటోలైనా అక్కడ ఉండాలి. అన్నిటికంటే ముందు ఆడవాళ్లకు శుభ్రమైన టాయిలెట్లు, చెత్త రోజూ ఎత్తుకెళ్లే బండి, పట్టిన చేప పాడవకుండా ఒడ్డునే ఒక ఐస్ ప్లాంటు కావాలి. రోప్‌వే ఖర్చుతో పోలిస్తే వీటికయ్యేది చాలా తక్కువ.